టీచరమ్మ ఇష్టంగా పోలేదు

మా ఇంగ్లీషు టీచరమ్మ పోయింది. పోయిన నెల పులివెందులలో, చెల్లెలి ఇంట్లో, పొద్దున టీ తాగి గ్లాసు కింద పెట్టి కుర్చీలోనే తల వాల్చేసిందట. ఈ కబురు నాకు ఆ చెల్లెలమ్మ చెప్పలేదు. టీచరమ్మను బడి నుంచి సాగనంపిన పెద్దమనిషి, అంటే మా జమ్మలమడుగులో ఆ ప్రైవేటు బడికి కరస్పాండెంటు, ఫోన్లలో తిప్పిన సందేశం చూసి తెలుసుకున్నాను. రెండు గులాబీలు, మధ్యలో టీచరమ్మ ఫొటో, కింద "మా విద్యా కుటుంబానికి తల్లి" అని రాసి ఉంది. చదవగానే నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది కాబట్టి ఈ నాలుగు మాటలు చల్లగా ఉండవు. చదివేవాళ్లు మన్నించాలి. మన్నించకపోయినా నేను రాయక మానను.

నేను పాత బస్టాండు దగ్గర జిరాక్సు, డీటీపీ షాపు పెట్టుకుని బతుకుతున్నాను. ఆరో తరగతి నుంచి పది దాకా ఆమె దగ్గరే చదివాను. అప్పట్లో బడి ఇప్పటి కరస్పాండెంటు తండ్రి చేతిలో ఉండేది. ఆ పెద్దాయన రేకుల షెడ్డులో బడి నడిపినా పిల్లలను పిల్లలుగా చూసేవాడు. టీచరమ్మది క్రైస్తవ మిషనరీల కాలం నుంచి చదువుకున్న ఇల్లు. వాళ్ల తాత కూడా అయ్యవారే. పెళ్లి చేసుకోలేదు. చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు, గంజి పెట్టిన నేత చీర, చేతిలో గొడుగు. సుద్దముక్కకు కాగితం చుట్టి పట్టుకునేది. ఎర్ర ఇంకు ముట్టుకునేది కాదు. తప్పు రాస్తే కొట్టివేయకుండా పక్కన ఆకుపచ్చ ఇంకుతో సరైనది రాసి, "రెండూ చూసుకో, ఏది నీదో నువ్వే తేల్చుకో" అనేది.

మిగతా అయ్యవార్లు ఇంగ్లీషును 'ఐ లైక్ మ్యాంగో' దగ్గర మొదలుపెడతారు. ఈమె 'వద్దు' అనే దగ్గర మొదలుపెట్టింది. ఆరో తరగతి మొదటిరోజు బోర్డు మీద కింది నుంచి పైకి ఎనిమిది మెట్లు గీసింది. ఒక్కో మెట్టు మీద ఒక్కో మాట. అన్‌విల్లింగ్, రిలక్టెంట్, డిజ్‌లైక్, అవర్స్, హేట్, డిటెస్ట్, లోద్, అన్నింటికంటే పైన అబ్‌హార్. "మీకు ఇష్టమైనవి ఎవురన్నా అడుగుతారు. ఇష్టం లేనివి ఎవురూ అడగరు. అవి మీరే నోరు తెరిచి చెప్పుకోవాల. అందుకే ఇవి ముందు నేర్చుకోండి" అంది. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వెనక బెంచీలో ఎవడో నవ్వాడు. వాణ్ణి లేపి ఆ ఎనిమిదీ పైనుంచి కిందికి చదివించింది.

ఆ తర్వాత ప్రతి సోమవారం మొదటి పీరియడ్ అదే పని. ప్రతి ఒక్కరూ లేచి తమకు నచ్చనిది ఒకటి చెప్పాలి, దానికి తగిన మాట వాడాలి. నేను మొదటి సోమవారం 'ఐ హేట్ వంకాయ' అన్నాను. ఆమె కళ్లజోడు పైనుంచి చూసి, "వంకాయ నిన్నేం చేసిందిరా? మీ గడ్డివామికి అగ్గి పెట్టిందా? హేట్ అనేది అంత అగ్గువగా వాడగాకు. దానికి డిజ్‌లైక్ శానా ఎక్కువ" అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ రోజు నుంచి నోట్లోంచి మాట వచ్చేముందు దాని బరువు చూసుకోవడం అలవాటైంది. నా షాపులో ఫిర్యాదు అర్జీలు టైపు కొట్టేటప్పుడు జనం 'భయంకరమైన, ఘోరమైన' అని చెప్పుకుపోతుంటే ఇప్పటికీ నాకు వంకాయ గుర్తొస్తుంది.

ప్రతి మాటకూ ఆమె దగ్గర మా ఊరి కొలత ఒకటి ఉండేది. నడి ఎండలో బోరింగు దగ్గరికి పొమ్మంటే కాళ్లు రావు, అయినా బిందె తీసుకుని పోతావే, అది రిలక్టెంట్. పాచిపోయిన సంగటి మూత తీయగానే కడుపులో తిప్పుతుందే, అది లోద్. అది నీ ఒంటికి సంబంధించింది. అబ్‌హార్ అట్లా కాదు. ఎవరినో ఎవరో నలుగురిలో అవమానం చేస్తుంటే, అది నీకు జరగకపోయినా నీ లోపల లేచి నిలబడుతుందే, అది. "లోద్ ఎవురికైనా వస్తాది. అబ్‌హార్ మాత్రం మనిషికే వస్తాది" అనేది.

మాతో పాటు మస్తాన్ అని ఒకడు చదివేవాడు. వాళ్ల నాయన కువైటులో డ్రైవరు. సెలవు ముగిసి ఆయన వెళ్లిపోయిన వారం మస్తాన్ లేచి, 'మై ఫాదర్ ఈజ్ రిలక్టెంట్ టు గో. బట్ హీ వెంట్' అని కూర్చున్నాడు. టీచరమ్మ బోర్డు వైపు తిరిగి శానాసేపు ఏదో తుడుస్తూ ఉండిపోయింది. బోర్డు మీద తుడవడానికి ఏమీ లేదు. చివరికి ఇటు తిరిగి "సరిగ్గా వాడినావు నాయనా" అని మాత్రం అంది.

ఆమె మాటల్లో నాకు గట్టిగా నాటుకున్నది ఒకటుంది. మా ప్రాంతం కక్షల సంగతి తెలిసిందే కదా. తొమ్మిదో తరగతిలో ఇద్దరు పిల్లలు గొడవపడి తలలు పగలగొట్టుకుంటే, ఇద్దరినీ నిలబెట్టి అన్నది: "మన తట్టు మనిషికి నచ్చకపోతే రెండే తెలుసు. ఊరకుండేది, లేదంటే కట్టె ఎత్తేది. ఈ రెండింటికీ నడుమ ఇన్ని మాటలుండాయిరా. ఒక్కటన్నా వాడండి." ఇదంతా ఐదేళ్లు విన్నవాణ్ణి నేను. అది గుర్తుపెట్టుకుని ముందుకు చదవండి.

పెద్దాయన పోయాక బడి కొడుకు చేతికొచ్చింది. రేకులు పోయి మూడంతస్తులు లేచాయి. నా కూతుర్ని కూడా అక్కడే చేర్చాను. ఈ కొత్త దొర ఇంగ్లీషు నేర్పడానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. సంతలో మేకల మెడకు కట్టే గంట ఒకటి కొనుక్కొచ్చాడు. బడిలో తెలుగు మాట్లాడిన పిల్ల మెడలో ఆ గంట కడతారు. ఇంకో పిల్ల తెలుగులో మాట్లాడుతుంటే విని, పట్టిచ్చి, ఆ పిల్లకు కట్టిస్తేనే దీనికి విడుదల. సాయంత్రానికి ఎవరి మెడలో ఉంటే వాళ్లు గేటు దగ్గర నిలబడి, పోయేవాళ్లందరికీ గుడ్ ఈవినింగ్ చెప్పాలి. తల్లిదండ్రులం గేటు దగ్గర అది చూసి ఏం చేశామనుకున్నారు? నవ్వాము. మా పిల్లలకు ఇంగ్లీషు వస్తోందని మురిసిపోయాము. నేనూ ఆ గేటు దగ్గర నిలబడి నవ్వినవాణ్ణే.

ఒకరోజు మూడో తరగతి పిల్ల ఒకటి కడుపునొప్పి అని తెలుగులో ఏడ్చింది. ఏడుస్తున్న పిల్ల మెడకే గంట కట్టారు. టీచరమ్మ వరండాలో పోతూ చూసింది. పిల్ల మెడలోంచి గంట తీసి, దాన్ని పట్టుకుని ఆఫీసు గదిలోకి పోయి కరస్పాండెంటు బల్ల మీద పెట్టింది. అప్పుడు నా కూతురు ఐదో తరగతి. హాజరు పుస్తకం ఇవ్వడానికి పోయి అక్కడే ఉంది. ఇంటికొచ్చి చూసింది చూసినట్టు చెప్పింది.

"సార్, ఐ అబ్‌హార్ దిస్" అందట. ఆ తర్వాత తెలుగులోనే, గది బయటికి వినపడేలా: "ఇన్నేండ్లుగా ఇంగ్లీషు చెప్తాండా. ఇంగ్లీషు కోసరం ఏ బిడ్డ మెడకూ గంట కట్టే పని నాకు పడలా."

ఆయన నవ్వి, "అమ్మా, మీకు వయసైంది. ఇంటికాడ రెస్టు తీసుకోండి" అన్నాడట. వారం తిరక్కముందే రాజీనామా కాగితానికి నమూనా రాసి ఆమె చేతిలో పెట్టాడు.

శనివారం మధ్యాహ్నం ఆమె ఆ నమూనా పట్టుకుని నా షాపుకొచ్చింది. అంతకు నాలుగు రోజుల ముందే ప్రొద్దుటూరులో కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కన్నూ మసకే. నల్లద్దాలు పెట్టుకుని, గొడుగు కర్రగా పట్టుకుని మెల్లగా మెట్లెక్కింది. కాగితంలో ఏముందో పక్కింటి అమ్మాయితో చదివించుకుని వచ్చింది. అందులో 'ఐ విల్లింగ్‌లీ రిజైన్' అని ఉంది. అంటే ఇష్టపూర్వకంగా తప్పుకుంటున్నానని.

"ఉద్యోగం పోతే పోనీ నాయనా. ఇష్టంగా అనే మాట మాత్రం నా చేత పెట్టించగూడదు. అది అబద్ధం. తీసేసి రిలక్టెంట్‌లీ అని కొట్టు" అంది.

"అబ్‌హార్ అనే రాద్దాం టీచరమ్మా" అన్నాను నేను, పెద్ద వీరుడిలా.

"వద్దు. ఆ పిల్లోళ్లు ఆడనే చదవాల. నేను అగ్గి పెట్టి పోతే కాలేది వాళ్లకే. నిజం ఒక్కటి ఉంటే సాలు. రేపు ఎవురన్నా చదివితే, ఈయమ్మ మనసొప్పి పోలేదే, ఎందుకని అడుగుతారు."

ఎనిమిది మెట్లు నేర్పిన మనిషి తనకోసం కింది నుంచి రెండో మెట్టు మీద మాట ఒక్కటి అడిగింది. నేను ఆమె చెప్పినట్టే కొట్టాను. ఆమె బయట బెంచీ మీద నీడలో కూర్చుంది. అప్పుడు ఫోను మోగింది. కరస్పాండెంటు.

"అప్పా, ఆయమ్మ వచ్చిందంట గదా. నేను రాసిచ్చిన దాంట్లో ఒక్క మాట గూడా మారగూడదు. ఈ తూరి పరీక్ష పేపర్లు నీకే ఇయ్యాలని ఉండా. పాపను గూడా బాగా చూసుకుంటాండాం, తెలుసు గదా."

అంతే. తిట్టలేదు, బెదిరించలేదు. నేను ఫోను పెట్టేసి, కొట్టిన మాట చెరిపి విల్లింగ్‌లీ అని మళ్లీ కొట్టాను. ఎంతసేపు పట్టిందంటారా? ఈ వాక్యం చదివినంతసేపు కూడా పట్టలేదు. ప్రింటు తీసి బయటికి తెచ్చాను.

"మార్చినావా నాయనా?" అని అడిగింది.

"మార్చినా టీచరమ్మా" అన్నాను.

సంతకం యాడ పెట్టాలో కనపడలేదు ఆమెకు. నేనే ఆమె చూపుడువేలు పట్టుకుని గీత మీద ఆనించాను. చదవకుండా దేనికీ సంతకం పెట్టవద్దని మాకు చెప్పిన మనిషి, చదవకుండా పెట్టింది. కొట్టినవాడు తన శిష్యుడు కదా అని పెట్టింది.

ఆ కాగితం ఏం చేసిందో కూడా చెప్పాలి. కడుపునొప్పి పిల్ల తల్లి, ఇంకో ఆరుగురు తల్లులు కలిసి గంట సంగతి అడగడానికి బడికి పోయారు. కరస్పాండెంటు ఆ కాగితం తీసి చూపించాడు. "చూడండమ్మా, ఆయమ్మే ఇష్టపడి పోయింది. గొడవేముండాది? ఆమెకే లేని బాధ మీకేంది?" అన్నాడు. సంతకం చూసి వాళ్లు వెనక్కి తిరిగొచ్చారు. గంట అలాగే ఉండిపోయింది. ఊర్లో మాత్రం, టీచరమ్మకు చాదస్తం పెరిగి పిల్లలను పట్టుకోలేక తానే మానుకుందని ఒక మాట పుట్టింది. నా షాపు ముందు నిలబడి జిరాక్సులు తీయించుకుంటూ అదే మాట అనేవాళ్లు. నేను కాగితాలు లెక్కపెట్టి ఇచ్చేవాణ్ణి.

నెల తర్వాత కొత్త కళ్లజోడుతో ఆమె వచ్చింది. అప్పటికి చదివేసింది. బడివాళ్లు ఆమెకిచ్చిన నకలు నా ముందు పెట్టి, ఇంకో జిరాక్సు కావాలంది. మిషను కింద వెలుతురు ఇటునుంచి అటు పోయేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ ఉన్నాం. కాపీ చేతికి తీసుకుని, "నువ్వు ఇష్టంగా చేసింటావని నేననుకోను. రిలక్టెంట్‌గానే చేసింటావు. బిడ్డ ఉండాది గదా" అంది. నిష్టూరం కూడా లేదు ఆ గొంతులో. మెట్లు దిగి వెళ్లిపోయింది. కొన్నాళ్లకు ఇల్లు ఖాళీ చేసి పులివెందుల చెల్లెలి దగ్గరికి చేరింది.

ఆ మాట మీద నాకు కోపం. ఆమె మీదే కోపం. ఎందుకు అంత సులువుగా వదిలేసింది నన్ను? మనసొప్పక చేసినా చేసినట్టే కదా. ఆ పిల్ల మెడకు గంట కట్టిన మూడో తరగతి టీచరు కూడా మనసొప్పకే కట్టిందట, నాతోనే చెప్పింది. గేటు దగ్గర నవ్విన మేమూ లోలోపల ఒప్పుకోకుండానే నవ్వామట. ఈ ఊర్లో ఎవర్ని కదిలించినా ఏదీ ఇష్టంగా చేయలేదంటారు. మరి అన్నీ ఎలా జరిగిపోయాయి? ఒక ముసలామె వేలు పట్టుకుని అబద్ధం మీద సంతకం పెట్టించాక, ఆ పని చేసేటప్పుడు నా మనసు ఎంత బాధపడిందో ఎవరికి కావాలి?

మరుసటి ఏడు ఒక సాయంత్రం నా కూతురు మెడ గోక్కుంటూ ఉంటే జుట్టు పక్కకు తీసి చూశాను. తాడు ఒరుసుకుని ఎర్రగా కమిలి ఉంది. మూడు రోజులుగా బడిలో గంట దాని మెడలోనే ఉందట. "ఇంకొకర్ని పట్టియ్యచ్చు గదమ్మా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. "నేను పట్టియ్యను నాయనా, టీచరమ్మ వద్దనింది" అంది. ఆమెను బడి నుంచి పంపించి అప్పటికి సంవత్సరం. పక్కరోజే పిల్లను తీసి సర్కారు హైస్కూల్లో వేశాను. నా బిడ్డ మెడదాకా వస్తే గానీ నాకు రోషం రాలేదు. ఒకసారి టీచరమ్మను చూసి చెప్పుకుందామని పులివెందుల బస్సెక్కాను. సగం దారిలో ముద్దనూరులో దిగి, టీ తాగి, వెనక్కి వచ్చే బస్సెక్కాను. అదొక్కటే ప్రయత్నం. ఇక ఎన్నడూ పోలేదు.

ఇప్పుడు ఆమె పోయింది. బడిలో సంస్మరణ సభ పెడుతున్నామని, ప్రొద్దుటూరులో ఫ్లెక్సీ వేయించాలని, మ్యాటరు కొట్టివ్వమని కరస్పాండెంటు నాకే పంపాడు. అందులో, 'కొత్తతరానికి చోటివ్వాలని ఇష్టపూర్వకంగా తప్పుకున్న త్యాగమూర్తి' అని ఉంది. ఫోను చేసి, "నేను కొట్టను సార్" అన్నాను. "యాల?" అన్నాడు. "అబద్ధం కాబట్టి" అన్నాను. పెట్టేశాడు. వేరే ఎవరితోనో కొట్టించుకున్నాడు.

సభకు పోయాను. మూడో అంతస్తు హాల్లో పిల్లలను చాపల మీద కూర్చోబెట్టారు. వేదిక మీద ఫ్లెక్సీ, దండ వేసిన ఫొటో. పులివెందుల నుంచి చెల్లెలమ్మను కారు పంపించి రప్పించారు. అచ్చం టీచరమ్మ పోలికే, కాస్త పొట్టి. ఆమెకు జరీ శాలువా కప్పి ముందు వరుసలో కూర్చోబెట్టారు. కరస్పాండెంటు మైకు పట్టుకుని ఆ ఫ్లెక్సీ మీద మాటే చదివాడు. ఇష్టపూర్వకంగా అన్న చోట కొంచెం ఆగి, పిల్లలతో చప్పట్లు కొట్టించాడు.

నేను లేచాను. 

"టీచరమ్మ ఇష్టంగా పోలేదు" అన్నాను. "ఆ కాగితం కొట్టింది నేను. మార్చమని ఆమె చెప్పింది. సారు ఫోను చేసి మార్చొద్దన్నాడు. మార్చలేదు. ఆమెకు కళ్లు కనపడవు ఆ పొద్దు. గంట వద్దన్నందుకు పంపించినారు ఆమెను."

"ఏయ్, కూచ్చోప్పా. ఎవురు చెప్పినారు నీకు మాట్లాడమని?" అని మైకులో గద్దించాడు. ఇద్దరు అయ్యవార్లు నా దగ్గరికి వచ్చి భుజం మీద చేతులు వేశారు. ఇంతలో ముందు వరుసలోంచి చెల్లెలమ్మ లేచి నా వైపు తిరిగింది. ఆమె లేవగానే వాళ్ల చేతులు దిగిపోయాయి.

"సంతకం పెట్టేముందు మా అక్క నిన్నడిగిందా, మార్చినావా అని?"

"అడిగిందమ్మా."

"నువ్వేమన్నావు?"

"మార్చినా అన్నాను."

ఆమె నన్ను చూస్తూనే ఉంది. తర్వాత అంది: "మా అక్క సచ్చేదాకా ఇది నీ చేతి పని అని నాతో అనలా. కాగితం ఆ కరస్పాండెంటే వేరే యాడనో కొట్టించినాడు, ఆ షాపు పిల్లోనికి తెలీదు అనే చెప్పింది. ఎవురి మింద అబద్ధం చెప్పని మనిషి. నీ కోసరం నాకు చెప్పింది."

టీచరమ్మ తన బతుకులో చెప్పిన అబద్ధం నాకు తెలిసినంతలో అదొక్కటే, దాన్ని చెప్పించింది నేను.

చెల్లెలమ్మ భుజం మీది శాలువా తీసింది. ఇంట్లో బట్టలు మడిచినట్టు నాలుగు మడతలు పెట్టి, అంచులు సరిచేసి, కరస్పాండెంటు ముందున్న బల్ల మీద పెట్టింది. ఆయన రెండు చేతుల్లో మైకు పట్టుకుని అలాగే ఉన్నాడు. ఆమె పిల్లల మధ్యలోంచి నడిచి మెట్లు దిగింది.

వెనకే పరుగెత్తాను. గేటు బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. వాళ్ల కారు ఎక్కకుండా రోడ్డు పక్కన నిలబడి ఉంది, తల మీద కొంగు. నేను ఒక ఆటోను ఆపి, ఆమె ఎక్కి కూర్చోగానే, "అమ్మా, బస్టాండుదాకా నేనొస్తా" అని ఆటో కమ్మీ మీద చెయ్యి పెట్టాను. ఆమె నా వైపు చూడకుండా, రావద్దన్నట్టు అరచెయ్యి ఒకటి పైకెత్తి అడ్డంగా పట్టుకుంది. నేను చెయ్యి తీసేదాకా దించలేదు. ఆటో కదిలి మలుపు తిరిగాక కూడా, ఎత్తిన ఆ అరచెయ్యి నా ముందర నుంచి పోలేదు.